ఆడ్లర్ 7: కడ్డీలు ముందుకు పోతున్నాయి, వెనక్కి రావడం లేదు

గోదారి టైపిస్టు:
ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. పోయిన నెల పాత సామాన్ల సంతలో 60 యూరోలిచ్చి ఆడ్లర్ 7 అనే పాతకాలం టైపురైటరు కొన్నాను. బ్రహ్మాండంగా నడుస్తుందన్నాడు అమ్మిన పెద్దమనిషి. ఇంటికి తెచ్చి చూస్తే ఇ, ఎన్, ఆర్ అక్షరాలు కొట్టే కడ్డీలు కాగితానికి ముక్కు ఆనించి అక్కడే ఉండిపోతున్నాయి. వేలితో వెనక్కి లాగాలి.

మా నాన్నగారు తణుకులో ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఆదివారాలు మిషన్లు తుడిచే పని నాది. ఆ ధీమాతో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేశాను. రెండు రోజులు వెన్నలా నడిచింది. మూడో రోజుకి మరో ఐదు అక్షరాలు మొరాయించాయి. మొత్తం విప్పేయమంటారా?

పాత ఇనుము:
మీ కొంప ముంచింది ఆ నూనే. మీ నాన్నగారి మిషన్లలో కడ్డీ ఇరుసు మీద పైకి లేచి కొడుతుంది. ఆడ్లర్‌లో కడ్డీలు విసనకర్ర ఈనెల్లా పడుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ తన గాడిలో జారుతూ వెళ్లి రోలరును పొడుస్తుంది. ఆ పోటుకు కార్బన్ కాపీలు చక్కగా పడేవి. కానీ గాడిలో నూనె పడితే దుమ్ము చేరి జిగురైపోతుంది.

హార్డ్‌వేర్ దుకాణంలో వాష్‌బెంజిన్ అని జిడ్డు కరిగించే ద్రవం దొరుకుతుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, పాత పళ్లబ్రష్షుతో గాడుల్లో పూయండి. మీట ఇరవైసార్లు నొక్కండి. కరిగిన మురికిని వెంటనే గుడ్డతో ఒత్తి తీసేయాలి, లేదంటే ఎండి మళ్లీ అక్కడే గడ్డకడుతుంది. ఆ తర్వాత గాడుల్లో చుక్క నూనె కూడా వద్దు. రబ్బరు రోలరు మీద, బంగారు రంగు అక్షరాల మీద బెంజిన్ పడనివ్వకండి.

బిస్కెట్ డబ్బా:
విప్పకండి. నేను విప్పాను. ఆరు నెలలు మరలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

మీ మిషను పుట్టింది మీ ఊళ్లోనే. సైకిళ్లు చేసే హైన్‌రిష్ క్లేయర్, అమెరికావాడైన కిడ్డర్ నమూనాకు లైసెన్సు తీసుకుని 1898లో వీటి తయారీ మొదలుపెట్టాడు. గాలుస్ పేటలో ఆ ఫ్యాక్టరీ భవనాలు ఇంకా ఉన్నాయి. 1944 ఆగస్టు నుంచి 1945 మార్చి వరకు అక్కడే నాజీల నిర్బంధ శిబిరం కూడా నడిచింది. అటు వెళితే ఆ సంగతీ తెలుసుకుని రండి.

గోదారి టైపిస్టు:
పని జరిగింది! గుడ్డకి తారులాంటిది అంటుకుంది. ఇ, ఆర్ మొదటి సాయంత్రమే దారికొచ్చాయి. ఎన్ మాత్రం రెండు రోజులు సతాయించింది.

వీడియో కాల్‌లో నాన్నగారికి చూపించాను. "అంకెల వరుస ఊడిపోయిందా?" అన్నారు. దీనికి మూడే వరుసలు, ఒక్కో కడ్డీ మీద మూడేసి గుర్తులు, అంకెలకి వేరే షిఫ్టు అని చెబితే నమ్మలేదు. కొట్టి చూపించాల్సి వచ్చింది. ఆ ఊపులో ఎ ఎస్ డి ఎఫ్ మొదటి పాఠం కూడా కొట్టాను. ఆయన మిషను వంక చూడటం మానేశారు.

"చిటికెన వేలు ఎత్తుతున్నావు" అన్నారు.