దంతపు పిడి ఉన్న పాత బాకు: గుర్తింపు, అమ్మకం విషయంలో సలహా కోరుతున్నాను

నమస్కారం. నిజామాబాద్ జిల్లాలోని మా తాతగారి ఇంట్లో, పాత దస్తావేజుల పెట్టె అడుగున, పట్టుగుడ్డలో చుట్టిన ఒక బాకు దొరికింది. దాని అలుగు సుమారు 11 అంగుళాల పొడవుంది. వీపు వైపు మందంగా, అడ్డుకోతలో ఇంగ్లీషు టీ అక్షరంలా ఉండి, కొన దగ్గర సూదిలా సన్నబడింది. గొలుసు కవచాన్ని ఛేదించడానికి వాడిన పేష్‌కబ్జ్ అనే రకం బాకు ఇదేనని నా అభిప్రాయం. తుప్పు పట్టని చోట నీటి అలల వంటి చారలు కనిపిస్తున్నందున, ఒకప్పుడు పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన మా జిల్లాలోని కోనసముద్రం ఊరి ఉక్కేమోనన్న ఆశ కూడా ఉంది. చారలు తేలడానికి ఆమ్లం పూయకుండా దీనిని నిర్ధారించుకునే మార్గం ఉందా?

పిడి చివరను భూతద్దంతో చూస్తే ఒకదానినొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపించాయి. ఎముకలో ఉండే నల్లని చుక్కలు లేవు. కనుక ఇది ఏనుగు దంతమేనని భావిస్తున్నాను.

ఇంటి అవసరాల కోసం మొదట అమ్మాలనుకున్నాను. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ చేసిన సవరణలతో దేశంలో దంతపు వ్యాపారం నిషిద్ధమైందని చదివాను. అందువల్ల దయచేసి ఎవరూ కొంటామని రాయవద్దు. పిడిని ఊడదీసి అలుగు మాత్రమే అమ్మమని ఒక వ్యాపారి సూచించారు. అంత పాత పనితనాన్ని చెడగొట్టడానికి నాకు మనసు రావడం లేదు.

వారసత్వంగా వచ్చిన ఇలాంటి వస్తువు విషయంలో ముందుగా అటవీ శాఖకు తెలియజేయాలా, పురావస్తు శాఖలో నమోదు చేయించాలా? మ్యూజియానికి అప్పగించిన అనుభవం ఉన్నవారు ఆ క్రమాన్ని వివరించగలరా?