మాజీ రాష్ట్రపతి నుంచి వచ్చిన జవాబు ఆయనే రాస్తారా, సెక్రటరీ రాస్తారా?

పార్వతీపురం_శ్రీను:
మా నాన్నగారు తెలుగు మీడియం హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. 2009లో పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ రాసి అబ్దుల్ కలాం గారికి ఢిల్లీ, 10 రాజాజీ మార్గ్ అడ్రసుకి ఉత్తరం వేశారు. జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు, టైపు చేసింది, కింద సంతకం. ఇన్నాళ్లకి దానికి ఫ్రేము కట్టిద్దామంటే మా బావ "అదంతా పీఏలు రాసి పడేస్తారు, ఆయన చూసి కూడా ఉండడు" అన్నాడు. నాన్న పైకి ఏమీ అనలేదు గానీ ఆ కవరు తీసి లోపల పెట్టేశారు. అలాంటి ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే అసలు పద్ధతేంటో చెప్పండి.

కరీంనగర్_రవి:
మనిషిని బట్టి ఉంటుంది బ్రదర్. మన పీవీ గారైతే అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని తన రాతకోతలు తానే టైపు చేసుకునేవారు. అందరూ అలా చేయలేరు కదా. ఆ వయసులో రోజూ సంచుల కొద్దీ ఉత్తరాలకి ఎవరు మాత్రం కూర్చుని రాస్తారు?

పాత_స్టెనో:
శ్రీను గారూ, నేను ఢిల్లీలో ఒక మాజీ నాయకుడి దగ్గర పీఏగా చేశాను. ఆయన పేరు అడక్కండి, ఆయన పోయినా చెప్పను. కలాం గారి ఆఫీసు నాది కాదు. కానీ ఈ పని ఎలా నడుస్తుందో చెప్పగలను.

ముందు మనుషుల లెక్క. రిటైరైన రాష్ట్రపతికి 1951 నాటి చట్టం ప్రకారం ఒక ప్రైవేట్ సెక్రటరీ, ఒక అడిషనల్ ప్రైవేట్ సెక్రటరీ, ఒక పీఏ, ఇద్దరు ప్యూన్లు ఉంటారు. మాజీ ప్రధానికి మొదటి 5 ఏళ్లు 14 మంది, ఆ తర్వాత ఒక పీఏ, ఒక ప్యూన్. పదవి దిగినంత మాత్రాన ఉత్తరాలు తగ్గవు. చేతులే తగ్గుతాయి.

పొద్దున డాక్ రాగానే ప్రతి కవరుకీ తేదీ ముద్ర, డైరీ నంబరు పడేవి. తర్వాత విడదీయడం. శుభలేఖలకి ముందు పెళ్లి తేదీ చూడాలి, పెళ్లయ్యాక వెళ్లే ఆశీస్సులు ఎందుకు? ముందుమాట రాయమని వచ్చే పుస్తకాలు, సభలకి పిలుపులు, పొలం తగాదాలు, ఐన్‌స్టీన్ తప్పని నిరూపించే ముప్పై పేజీల వ్యాసాలు, అన్నీ వచ్చేవి. తెలుగు ఉత్తరాలు నా బల్ల మీదికే వచ్చేవి, చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి. మనవాళ్లు "నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, ఆయన త్యాగాలన్నీ పొగిడి, అసలు సంగతి ఇన్‌లాండ్ లెటర్ మడత మీద రాస్తారు: మా అబ్బాయికి ఉద్యోగం. ఆ మడత మీది మాట పట్టుకుని ఇంగ్లీషులో రెండు లైన్లు రాసి పైన పిన్ చేయడమే నా పని.

అన్నిటికన్నా టెన్షన్ సిఫార్సులతోనే. మాజీకి అధికారం లేదు, సంతకానికి మాత్రం బరువుంది. "తగిన చర్య కోసం పంపుతున్నాను" అని మంత్రికి రాస్తే అది తపాలా పని. "మీరు స్వయంగా చూస్తే సంతోషిస్తాను" అంటే అవతల ఫైలు కదులుతుంది. రెండోది మా అంతట మేం డ్రాఫ్టులో ఎప్పుడూ పెట్టేవాళ్లం కాదు. ఆయన నోటితో చెప్పాలి.

ఇక మీ ప్రశ్న. మామూలు జవాబులు మేమే డ్రాఫ్ట్ చేసేవాళ్లం, అందులో దాచేదేమీ లేదు. కొన్ని మా పేరుతోనే, "వారి ఆదేశం మేరకు" అని వెళ్లేవి. ఆయన పేరుతో వెళ్లేవన్నీ డాక్ ప్యాడ్‌లో (సంతకాల ఫైల్లో) పెట్టి సాయంత్రం ముందుంచితే, చదివి సగం కొట్టేసి మళ్లీ టైపు చేయించిన రోజులున్నాయి. మా దగ్గర సంతకం రబ్బరు స్టాంపు లేదు. డీఓ లెటర్ (డెమీ అఫీషియల్, అంటే మనిషి పేరు పెట్టి రాసే ఆఫీసు ఉత్తరం) అయితే మధ్యలో విషయం టైపులో ఉన్నా, పైన సంబోధన, కింద "మీ" అనే ముగింపు సంతకం చేసేవారే పెన్నుతో రాయడం ఢిల్లీలో పాత అలవాటు. మీ ఉత్తరంలో నాన్నగారి పేరు టైపులో ఉందా, ఇంకుతో ఉందా?

పార్వతీపురం_శ్రీను:
ఇప్పుడే అడిగి తీయించాను సార్. పైన పేరు నీలం ఇంకుతో ఉంది! "వెంకట" అన్నచోట ఒక అక్షరం తప్పు రాసి దిద్దారు కూడా. బావకి ఫోటో పెడితే "అదీ పీఏ రాతే అయ్యుండొచ్చు" అంటున్నాడు.

కరీంనగర్_రవి:
మీ బావగారు రెవెన్యూ డిపార్ట్‌మెంటా ఏంటి, దేన్నీ నమ్మరు 😀

పాత_స్టెనో:
ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఒకటి ఆలోచించండి. పీఏ చేతిలో ఒరిజినల్ కవరు ఉంటుంది, ఫ్రమ్ అడ్రసు చూసి రాస్తాడు, పేరులో తప్పు పోతే ఆ కాగితం చించి ఇంకోటి తీస్తాడు. దిద్దిన కాగితం పెద్దాయన ముందు పెడితే మాట పడేది మేమే. సంతకానికి కూర్చున్నప్పుడు పెద్దాయనే తప్పు రాసి దిద్దుకుంటే మాత్రం, అది అలాగే పోస్టులోకి వెళ్తుంది. అందుకే నా మట్టుకు నేను ఆయన రాసిందనే అంటాను. సంతకంలో ఉన్న ఇంకు, పేరులో ఉన్న ఇంకు ఒకటేనా అని పగటి వెలుతురులో చూడండి.

విషయం ఎవరు కూర్చారన్నది వదిలేయండి. సైన్స్ మాస్టారు పంపిన పిల్లల ప్రశ్నలు ఏ ఆఫీసులోనైనా మేం పైనే పెట్టేవాళ్లం. రోజంతా ఉద్యోగాల గొడవ చదివాక అలాంటిది దొరికితే మాకే ప్రాణం లేచొచ్చేది.

ఫ్రేము కట్టించే ముందు లామినేషన్ మాత్రం చేయించకండి, కాగితం పాడవుతుంది. గోడ మీదికి జిరాక్స్ పెట్టండి. ఒరిజినల్‌తో పాటు కవరూ దాచండి, పోస్టు ముద్ర దాని మీదే ఉంటుంది.