రెండు గిటార్ల మధ్య గొంతు వినబడట్లేదు, కోరస్ లేవట్లేదు

తార్నాక గిటార్:
నమస్తే అందరికీ. మా బ్యాండ్‌లో ఐదుగురం. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్. పాడేది మా పెద్దమ్మ కూతురు. తెలుగులో సొంత పాటలు, మెలోడిక్ రాక్. కొన్ని పాటలు సిద్ధమైతే హైదరాబాద్‌లోని లామకాన్ వేదికలో ప్రోగ్రామ్ అడుగుదామని ఉంది. నేనొక రిఫ్ (గిటారు మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క) పట్టుకెళ్తాను, జామ్ రూమ్‌లో అందరూ అందుకుంటారు, దాని మీద అక్క పాడుతుంది. రిఫ్ బాగుంటుంది, ట్యూన్ విడిగా వింటే ఇంకా బాగుంటుంది. కలిపితే మాత్రం కోరస్ (పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే భాగం) వచ్చిన సంగతే తెలియదు. అక్క అరిచి పాడాల్సి వస్తోంది, గొంతు పోతోంది. పాట ఈ మైనర్ (E minor) స్కేల్‌లో ఉంది. ఎక్కడ మొదలుపెట్టి సరిచేయాలి?

సైనిక్‌పురి కీబోర్డ్:
రిఫ్ కాసేపు పక్కన పెట్టండి. మా బ్యాండ్‌లో అరేంజ్‌మెంట్ నేను చూస్తాను. ఎవరు పాట తెచ్చినా ముందు తంబూర యాప్ పెట్టుకుని, వేరే వాద్యం లేకుండా కోరస్ పాడి వినిపించాలి. అప్పుడు చెవికి పట్టకపోతే దాని కింద ఎన్ని గిటార్లు పెట్టినా లాభం లేదు.

తర్వాత శ్రుతి. ఓపెన్ తీగలు హాయిగా మోగుతాయని గిటార్ వాళ్లకి ఈ మైనర్ ఇష్టం. కానీ పాడేది మీ అక్క. కోరస్‌లో అన్నిటికన్నా పై స్వరం ఆవిడ గొంతులో ఎక్కడ నిండుగా పలుకుతుందో, ఒక్కో సెమీటోన్ (ఒక ఫ్రెట్ దూరం) జరుపుతూ వినండి. జీ మైనర్‌లో కుదిరితే మూడో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టండి, మీ వేళ్లకి పాత కార్డ్ షేపులే. బేస్ మాత్రం జీ నుంచి వాయించాలి.

ఇక కోరస్ లేవడం. అది వాల్యూమ్‌తో రాదు, ముందు దాచిపెట్టిన దాంతో వస్తుంది. ఈ మైనర్ లెక్కలోనే చెబుతాను. చరణంలో జీ మేజర్ కార్డ్ ముట్టుకోవద్దు. ఈ మైనర్, సీ, ఏ మైనర్ (A minor) కార్డ్‌ల మధ్యే తిరగండి. చివరి రెండు బార్లు (ఆవర్తాలు) డీ మీద నిలిచి, కోరస్ మొదటి బీట్‌కి జీ మేజర్‌లో దిగండి. అవే ఏడు స్వరాలు, అయినా వినేవాళ్లకి వెలుగు వచ్చినట్టుంటుంది.

చరణంలో ఒక గిటారు పామ్ మ్యూట్‌తో (అరచేతి అంచు తీగల మీద ఆనించి) ఉంటే చాలు. రెండోది అక్క ఊపిరి తీసుకునే చోట మాత్రమే రెండు మూడు స్వరాలు పలికి ఆగాలి. కచేరీలో ఆలాపన సాగుతుంటే వయొలిన్ సన్నగా వెంట నడుస్తుంది, గాయకుడు ఆపాకే తన మాట చెబుతుంది కదా, అదే పద్ధతి.

కోరస్‌లో డిస్టార్షన్ (గిటారుని గరగరలాడించే ఎఫెక్ట్) వేస్తే పూర్తి కార్డ్‌లు వద్దు. కార్డ్ మూలస్వరాన్ని స అనుకుంటే, గాంధారం కలిస్తే బురదగా వినిపిస్తుంది. పవర్ కార్డ్ పట్టండి, అంటే షడ్జమం, పంచమం మాత్రమే. గాంధారం అక్క గొంతుకి వదిలేయండి. ఆ కార్డ్ మేజరో మైనరో తేల్చేది అప్పుడు ఆవిడే. మెలోడిక్ రాక్‌లో నాకు ప్రాణమైన చోటు ఇదే.

నాలుగు తీగలు:
పైన చెప్పినదానికి బేస్ తరఫున ఒకటి. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, బేస్ లావు తీగ 41 దగ్గర మోగుతాయి. ఇంట్లో ఒక్కరే వాయించేటప్పుడు నిండుగా ఉంటుందని గిటార్ వాళ్లు ఆంప్‌లో బేస్ నాబ్ పెంచేస్తారు. బ్యాండ్‌లో అది బేస్ చోటులోకి వచ్చేస్తుంది కాబట్టి తగ్గించాలి, గెయిన్ (డిస్టార్షన్ పెంచే నాబ్) కూడా. ఇంకో సంగతి: కోరస్‌కి ముందు బార్‌లో చివరి రెండు బీట్లు బేస్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) రెండూ ఆపి చూడండి. తిరిగి దిగినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

తార్నాక గిటార్:
చాలా థాంక్స్. కార్డ్‌ల సంగతి ఈ రాత్రే చూస్తాను. ఒకటే టెన్షన్: చరణమంతా ఊరుకోమంటే రెండో గిటారు వాడు ఒప్పుకోడు. బాగా వాయిస్తాడు, నొప్పించడం ఇష్టం లేదు.

సైనిక్‌పురి కీబోర్డ్:
అతనికి సోలోలో పెద్ద పని ఇవ్వండి. 1974లో స్కాట్ గోరమ్, బ్రయన్ రాబర్ట్‌సన్ చేరాక ఐరిష్ రాక్ బ్యాండ్ థిన్ లిజ్జీ రెండు గిటార్లతో ఒకే ట్యూన్‌ని జంటగా పలికించింది, వాళ్ల గుర్తింపే అదయింది. మీరు కోరస్ ట్యూన్ వాయించండి, అతను దానికి మూడో స్వరం పైన వాయించాలి. అంతటా ఒకే దూరం పెడితే కుదరదు, స్కేల్‌లోనే ఉండాలి. ఈ మైనర్ అంటే మన నఠభైరవి. స మీద గ మూడు సెమీటోన్లు, రి మీద మ కూడా మూడే, గ మీద ప మాత్రం నాలుగు. ముందు ఇద్దరూ వాద్యాలు కింద పెట్టి నోటితో పాడుకోండి. బెండ్‌లు (తీగ లాగి స్వరాన్ని పైకి ఎక్కించడం) ఇద్దరివీ ఒకే వేగంతో ఎక్కకపోతే అపస్వరంలా ఉంటుంది కాబట్టి మెల్లగా, మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చేయండి. కుదిరాక ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, తప్పకుండా వింటాను.