సమస్యాపూరణం: "రక్కసుండె వచ్చి రక్షసేసె"

పద్యశాల (నిర్వహణ):

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

రక్కసుండె వచ్చి రక్షసేసె

ఐదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) ర-ర, కుదిరే ఉంది. మొదటి మూడు పాదాలూ మీవి.

ఒక షరతు. విభీషణుణ్ణో ఘటోత్కచుణ్ణో పిలిస్తే ఈ పాదం పది నిమిషాల్లో విడిపోతుంది. అందుకని ఈసారి పురాణాలు వద్దు. మనలో చాలామంది ఈ నెల చదివిన 'ఎ మాన్‌స్టర్ కాల్స్' నవల మీదే పూరణ ఉండాలి. చదవనివారి కోసం రెండు ముక్కలు. కానర్ పదమూడేళ్ళ పిల్లవాడు. తల్లికి క్యాన్సర్. తండ్రి అమెరికాలో వేరే సంసారం పెట్టుకున్నాడు. ఇంటి వెనక గుట్ట మీద, చర్చి శ్మశానంలో ఒక యూ చెట్టు ఉంటుంది. అది అర్ధరాత్రి పన్నెండూ ఏడుకి రాక్షసుడై నడిచొస్తుంది. 'నేను మూడు కథలు చెప్తాను, నాలుగోది నువ్వు చెప్పాలి' అంటుంది. ఈ ఊహ షివాన్ డౌడ్ గారిది. పాత్రలూ ఎత్తుగడా సిద్ధం చేసుకుని, 2007లో ఆవిడే క్యాన్సర్‌తో పోయారు. పాట్రిక్ నెస్ దాన్ని అందుకుని రాశాడు, జిమ్ కే బొమ్మలు వేశాడు. 2011లో వచ్చింది. మరుసటి ఏడు రాతకి కార్నెగీ, బొమ్మలకి కేట్ గ్రీన్‌అవే, రెండు పతకాలూ దీనికే.

ముగింపు దాకా మాట్లాడుకుంటాం. చదవాలనుకునేవారు చదివొచ్చాకే కిందికి రండి.

తాతగారి తాటాకు:

షరతు చూడకముందే పద్యం వచ్చేసింది నాయనా, ఏం చేయమంటావు.

దూత జంపరాదు దోషమంచును జెప్పి
యన్న సభను నిలిచి యాంజనేయు
ప్రాణ మపుడు నిలుప బరమభక్తుండైన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

పద్యశాల:

తాతగారూ, నమస్సులు. ధార ఎక్కడా తెగలేదు. కానీ మీ దగ్గర రెండు సందేహాలు అడగక తప్పదు. విభీషణుడు అప్పటికే సభలో ఉన్నాడు కదా, 'వచ్చి' అన్న మాటకి పనేముంది? ఇక ఆ పూటకి ఆయన రాముణ్ణి చూడనే లేదు, 'పరమభక్తుండు' కాస్త ముందే అయిపోయాడు. షరతు సంగతి సరేసరి. శశిరేఖ పెళ్ళి తప్పించిన ఘటోత్కచుడి మీద కూడా కొన్ని పూరణలు అందాయి. అవి ఇక్కడ వేయడం లేదు, పంపినవారు అలగకండి.

తాతగారి తాటాకు:

'వచ్చి' విషయం ఒప్పుకుంటున్నా. మనవరాలి దగ్గర పుస్తకం పుచ్చుకుంటాను.

లెస్టర్ అమ్మ:

ఇక్కడ ఇంగ్లండులో మా అమ్మాయికి ఈ నవల బడిలోనే చదివించారు. రాక్షసుడు చెప్పే మొదటి కథ విని పిల్ల మూడు రోజులు మండిపడింది. రాకుమారుడు తను ప్రేమించిన రైతుబిడ్డను తానే చంపి, ఆ నేరం సవతి నాయనమ్మ అయిన రాణి మీదికి నెడతాడు. జనం రాణిని కాల్చెయ్యడానికి బయల్దేరతారు. రాక్షసుడు వెళ్ళి రాణిని ఎత్తుకుపోయి, దూరాన సముద్రం ఒడ్డున వదిలిపెడతాడు. మరి రాకుమారుడో? నిక్షేపంగా రాజై, జనం చేత మంచి రాజనిపించుకుని, ముసలితనం దాకా ఏలుతాడు! "వాడికి శిక్ష ఏదమ్మా?" అని ఒకటే గొడవ. నా దగ్గర జవాబు లేదు గానీ పద్యం ఉంది.

ప్రియను తానె చంపి పెనునింద రాణిపై
వేసె రాచకొడుకు, వీధులెల్ల
మంట పట్టి తరుమ, మానురూ పొందిన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

పద్యశాల:

అమ్మా, చాలా బాగుంది. సమస్యలోని ప్రతి మాటకీ కథలో చోటు దొరికింది. రక్కసుడున్నాడు, వచ్చాడు, రక్షించాడు. 'వీధులెల్ల తరుమ' అనడంలో మూకకి ముఖం లేకుండా చేశారు, అదీ నాకు నచ్చింది. 'మంట పట్టి' అంటే వీధులకే నిప్పంటుకుందేమో అనిపించే ప్రమాదం ఉంది, కానీ తర్వాతి 'తరుమ' సర్దేసింది. మార్చమనను.

ఈ రాణి మంచిదేమీ కాదని మరిచిపోకూడదు. ఆవిడ మంత్రగత్తె అన్నమాట నిజమే, చంపిందన్నమాటే అబద్ధం. అమ్మాయి కోపం అక్కడ మొదలైతే, పుస్తకం తన పని చేసినట్టే.

పదో తరగతి:

అందరికీ నమస్కారం. ఆటవెలది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకు
కిటికి పక్క వచ్చి కేక వేసి
తట్టి లేపి బిడ్డ దడ పైకి తీసిన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

పద్యశాల:

తమ్ముడూ (చెల్లెలివైతే చెల్లెలా), మూడో పాదం చూసి ఉలిక్కిపడ్డాను. తట్టి, లేపి, బిడ్డ మూడు సూర్యగణాలు, దడపైకి సలం, తీసిన భగణం, ఈ రెండూ ఇంద్రగణాలు, త-ద యతి. ఎక్కడా వేలు పెట్టే పని లేదు. భావం ఇంకా మేలు. కానర్ ఈ రాక్షసుణ్ణి చూసి జడవడు. ఇంతకన్నా ఘోరమైనది వాడికి రోజూ కలలో కనిపిస్తోంది మరి. రాక్షసుడు చేసేది భయపెట్టడం కాదు, లోపల ఉన్న దడని బయటికి లాగడం. దాన్ని మూడు మాటల్లో పట్టావు.

ఇక మొదటి పాదం. అర్ధ, రాత్రి, దాటి దాకా సరే. నాలుగో గణం 'ఏడుని' అని తీస్తే భగణం అవుతుంది, అప్పుడు మిగిలిన 'మిషాలకు' ఇంద్రగణాల్లో ఎక్కడా లేదు. 'ఏడునిమి' అన్నా అంతే సంగతి. పైగా అ-ఏ యతి చెల్లదు, 'అ'కి ఆ, ఐ, ఔ కావాలి. రెండో పాదంలో గణాలు కుదిరాయి గానీ 'వచ్చి' అక్కడొకసారి, సమస్యలో ఒకసారి వచ్చి పునరుక్తి అయింది. ఇలా అనవచ్చు:

అర్ధరాత్రి దాటి యాపైన నేడు ని-
మిషములైన వేళ మేడ కిటికి
తట్టి లేపి బిడ్డ దడ పైకి తీసిన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

తాతగారి తాటాకు:

'నేడు' అని విడదీసి చదివితే 'ఇవాళ' అనుకుంటారు, జాగ్రత్త.

పద్యశాల:

నిజమే, ఆ ఇబ్బంది ఉంది. గొంతెత్తి చదివితే పోతుంది.

మందులకొట్టు:

నాకు రెండో కథ ఇష్టం. అందులోని మందులవాడు లోభి, మాట కటువు, కానీ అతని వైద్యం నిజం. యూ చెట్టు ఇమ్మంటే పాదిరి ఇవ్వడు, పైగా జనాన్ని అతని మీదికి ఉసిగొల్పుతాడు. తన కూతుళ్ళిద్దరికీ జబ్బు చేశాక మాత్రం అన్ని నమ్మకాలూ వదిలేస్తానని అతని కాళ్ళ మీద పడతాడు. రాక్షసుడు కూల్చేది ఆ పాదిరి ఇల్లు. కూల్చడంలో తానూ చెయ్యి కలిపిన కానర్ కళ్ళు తెరిచేసరికి ముక్కలై పడి ఉన్నది అమ్మమ్మ ముందుగది.

యూ చెట్టు ఆకూ గింజా విషం. ఆ జాతి చెట్టు బెరడులోనే పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు దొరికింది. దాని నిర్మాణం 1971లో అచ్చయింది, 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. ఆ పేరున్న పెట్టెలు రోజూ నా చేతుల మీదుగా వెళ్తుంటాయి.

విషము నిండు చెట్టు బెరడులో మందుగా
నొదిగియుండె మనల నుద్ధరింప;
ఆంగ్లదేశమందు నా శ్మశానపు చెంత
రక్కసుండె వచ్చి రక్షసేసె.

పద్యశాల:

శాస్త్రాన్ని ఆటవెలదిలోకి దించడం తేలిక కాదు, మీకు తేలిగ్గా వచ్చింది. వ-బ యతి, ఒ-ఉ యతి రెండూ సలక్షణం. ఒకటే కొరత. నవల్లో తల్లికి చివరగా ఇచ్చే మందు యూ చెట్టు నుంచి తీసిందే, అది పనిచేయదు. 'మనల నుద్ధరింప' అన్నది లోకంలో నిజం, కథలో కాదు. కానర్ కూడా మీలాగే నమ్మాడు, చెట్టు అమ్మను బాగుచేయడానికే నడిచొచ్చిందని. అందుకని మీ పద్యాన్ని కథ మధ్యలో కానర్ పాడుకున్న పద్యంగా చదువుకుంటాను. అప్పుడు గుండె పట్టేస్తుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:

గురువుగారూ, పేరులోనే శ్లేష ఉంటే ఎవరూ వాడరేంటి?

కానరనెడు పేరు గలవాని నెవ్వరున్
కానరైరి బడిని, కళ్ళ బడగ
ముష్టియుద్ధ మొకటి మొదలెట్టి చూపిన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

పద్యశాల:

హహ్హ! ఇది రాయకుండా ఉండగలిగినవాడు తెలుగువాడు కాడు. 'మొదలెట్టి' వాడుకమాట, 'మొదలిడి' అంటే గణమూ చెడదు, పద్యానికీ నప్పుతుంది.

కానీ రక్ష అనడం దగ్గర నాకు అడ్డం తగులుతోంది. మూడో కథ, ఎవరికీ కనబడక విసిగిపోయిన మనిషి కథ. బడిలో కానర్‌ని ఏడిపించే హ్యారీ "ఇకమీదట నువ్వు నాకు కనబడవు" అన్నాక కానర్ వాణ్ణి ఆస్పత్రి పాలు చేస్తాడు. అంత కొట్టినా బడి శిక్షించదు. తల్లి సంగతి తెలుసు గనక ఏ పెద్దమనిషీ చెయ్యెత్తడు. అందరికీ కనబడ్డాడు, మునుపటికన్నా ఒంటరివాడయ్యాడు. మీ పద్యం నవ్వించి ఆగిపోయింది. ఆ నవ్వు వెనకున్నది కూడా పట్టి ఉంటే ఈ వారం మీదే అయ్యేది.

గోడమీది పిల్లి:

అందరూ రక్షించాడు, రక్షించాడు అంటున్నారు. నాకు కోపం వస్తోంది. మా ఇంట్లో ఒకసారి ఇలాంటి ఏడాది గడిచింది. ఏ చెట్టూ నడిచి రాలేదు. పుస్తకం చివరికొచ్చేసరికి దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది.

మందు పారలేదు మరి తల్లి దక్కదు
కథలు మూడు చెప్పి కడకు నేమి
బ్రదుకు నిలిపె? నెట్లు పలుకుదురయ్య "మీ
రక్కసుండె వచ్చి రక్షసేసె"?

లెస్టర్ అమ్మ:

మీరన్నది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పిల్ల కూడా చివరి పేజీల దగ్గర పుస్తకం మూసేసి వెళ్ళిపోయింది. మర్నాడు తనే మళ్ళీ తెరిచింది.

పద్యశాల:

సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత యుక్తే, కానీ ఇక్కడ అది యుక్తిలా లేదు. నిజంగా అడిగిన ప్రశ్న. 'మంత్రం పారలేదు' అన్నట్టు 'మందు పారలేదు' అనడం గొప్పగా ఉంది, మందు మీద మనం పెట్టుకునే ఆశ కూడా మంత్రం లాంటిదే గనక. దోషాల్లేవు. జవాబు నేను చెప్పను, ఎవరైనా పద్యంలోనే చెప్పాలి.

ఏటిగట్టు:

ప్రయత్నిస్తాను.

మనసులోని మాట మరుగున దాచుచు
కుమిలిపోవు పిల్లగుండె దూరి
నిజము చెప్పుమంచు నిలదీసి యడిగిన
రక్కసుండె వచ్చి రక్షసేసె.

కానర్ పీడకలలో తల్లి కొండ అంచున వేలాడుతుంటుంది, చెయ్యి వాడి చేతిలో ఉంటుంది. పట్టుకోగలిగి కూడా వదిలేస్తాడు. వాడు దాచిన నిజం అదే. ఈ ఎదురుచూపు భరించలేక, ఎలాగో ఒకలాగ అయిపోతే బాగుండునని లోపల అనుకున్నాడు. అనుకున్నందుకు తనకు శిక్ష పడాలని కూడా అనుకున్నాడు. ఎవరూ శిక్షించరు, అదే వాడి నరకం. రాక్షసుడు రక్షించింది తల్లిని కాదు, ఆ నేరభావం నుంచి పిల్లవాణ్ణి. "నేను వచ్చింది నీ కోసం" అని వాడితో అంటాడు కదా. నిజం బయటపడ్డాకే కానర్ ఆస్పత్రికి వెళ్ళి, నువ్వు వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదని తల్లితో చెప్పగలుగుతాడు.

పద్యశాల:

పాదపూరణలో అసలు ప్రశ్న 'ఎవరు రక్షించారు' కాదు, 'దేని నుంచి' అన్నది. రాణి పద్యంలో నిప్పు నుంచి, మందులకొట్టు పద్యంలో జబ్బు నుంచి, మీ పద్యంలో అబద్ధం నుంచి. 'గుండె దూరి' అనడంతో 'వచ్చి'కి కూడా కొత్త దారి దొరికింది. రాక్షసుడు కిటికీలోంచి రాలేదు. 'దాచుచు' పక్కనే 'మరుగున' ఉండటం మాత్రం కొంచెం ఎక్కువైంది, దాచేది మరుగునే కదా. 'మరుగున నుంచుచు' అంటే గణాలు అలాగే ఉంటాయి, చూడండి.

ఏటిగట్టు:

సవరించుకున్నాను. ధన్యవాదాలు.

గోడమీది పిల్లి:

పద్యం బాగుంది. కానీ ఒప్పుకోను. దడ దిగినా ఇల్లు ఖాళీగానే ఉంటుంది.

తాతగారి తాటాకు:

ఒప్పుకోవద్దు బాబూ. రెండు పద్యాలూ ఉండనీ.

పద్యశాల:

ఈ వారం మెచ్చుకోలు ఏటిగట్టు గారికీ గోడమీది పిల్లి గారికీ చెరిసగం. ఇద్దరి పద్యాలూ పక్కపక్కన అచ్చువేసి దాచుకుంటున్నాను. పదో తరగతీ, మూడో పాదం లాంటివి ఇంకో పది రాసి పంపు, గణాలు నేను చూస్తాను.

వచ్చేవారానికి తేటగీతి పాదం. ఈసారి షరతుల్లేవు, పురాణాలూ రావచ్చు, తాతగారి కోసం:

బొమ్మలేని పుస్తకమున బొమ్మ కదలె