కొలంబైన్ ఆకుల మీద తెల్లగీతలు, మొలకెత్తని విత్తనాలు

నమస్కారమండీ. మేం డెన్వర్ దగ్గర ఉంటాం. కొండల్లో నీలం, తెలుపు కలిసిన కొలంబైన్ పూలు చూసి మా ఆవిడ మనసు పారేసుకుంది. 1899 నుంచి ఇది కొలరాడో రాష్ట్ర పుష్పం. ప్రభుత్వ స్థలాల్లో మొక్క పీకడం చట్టరీత్యా నేరం కాబట్టి నర్సరీలో మూడు కొని, మధ్యాహ్నం నుంచి నీడ పడే తూర్పు గోడ పక్కన నాటాం. మొదటి ఏడాది బాగానే పూశాయి.

ఈసారి ఆకుల మీద ఎవరో సన్నగా ముగ్గు వేసినట్టు వంకర టింకర తెల్లగీతలు! ఆకు పొరల మధ్య దూరి తినే పురుగు పని అని తెలిసింది. లోపల ఉన్నదానికి పైన కొట్టిన వేపనూనె ఏం తగులుతుంది? అలాంటి ఆకులు తుంచి పారేస్తున్నాను. పూలు రాలాక మొక్క మొత్తం మొదలుదాకా కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుందంటున్నారు, ఎవరైనా చేసి చూశారా? నాకైతే చేయి రావడం లేదు.

ఇంకోటి. కిందటి ఏప్రిల్‌లో విత్తనాలు మెంతులు చల్లినట్టు చల్లి మట్టి కప్పాను. ఒక్కటీ మొలవలేదు. వీటికి కొన్ని వారాల చలి, కాస్త వెలుతురు కావాలని తర్వాత తెలిసింది. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలా, నవంబర్‌లో నేల మీదే చల్లి మంచుకి వదిలేయాలా? మాది బంకమట్టి. వేరు లోతుగా దిగుతుంది కనుక మొలకల్ని తర్వాత మార్చి నాటడానికీ భయమే.

పెంచినవాళ్లు చెప్పగలరు.