సువర్ణరేఖకి కవర్లు కట్టాను, బుగ్గన ఎరుపు రాలేదు. ఎందుకు?

ప్రశ్న: మాది విజయనగరం వైపు. పెరట్లో ఒక సువర్ణరేఖ ఉంది. పండు ఈగ బాధ పడలేక ఈసారి నిమ్మకాయంత సైజులోనే బ్రౌన్ కవర్లు కట్టాను. నిన్న ఒకటి విప్పి చూస్తే మచ్చ లేదు కానీ తొడిమ దగ్గర ఎరుపూ లేదు. కవరు కట్టని కాయలు ఎప్పట్లాగే ఎర్రగా ఉన్నాయి. పొటాష్ వెయ్యాలా? గడ్డిలో మగ్గబెడితే ఎరుపు వస్తుందా?

జవాబు: పొటాష్ జోలికి పోకండి సార్. అదే చెట్టున కవరు లేని కాయలు ఎర్రబడ్డాయని మీరే రాశారు. తేడా వెలుతురుది.

ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. తొక్కలోనే తయారవుతుంది. ఆపిల్‌లో ఈ సంగతి బాగా తేలింది. మిబ్ అనే జన్యువుల కుటుంబానికి చెందిన ఒక జన్యువు రంగు తయారీని మొదలుపెడుతుందని 2006లో కనిపెట్టారు. చీకట్లో కాప్1 అనే ప్రొటీను, ఆ జన్యువు నుంచి తయారయ్యే మిబ్ ప్రొటీనుని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. వెలుతురు తగిలితే కాప్1 పట్టు సడలి, రంగు పడుతుంది. మామిడి ఎరుపు వెనకా మిబ్ జన్యువే ఉంది.

గడ్డిలో వచ్చేది పసుపు. పచ్చదనం విరిగి, కెరోటినాయిడ్లు అనే పసుపు రంగు పదార్థాలు బయటపడతాయి. దానికి వెలుతురు అక్కర్లేదు. ఎరుపు మాత్రం చెట్టు మీదే రావాలి.

ప్రశ్న: మరి మా బంగినపల్లి రోజంతా ఎండలోనే ఉంటుంది కదండీ, అదెందుకు ఎర్రబడదు?

జవాబు: అది పుట్టుకతో వచ్చిన గుణం. వెలుతురు ఉన్నా ఆ మిబ్ జన్యువు గట్టిగా పనిచెయ్యాలిగా. ఎర్ర ఆపిళ్ళలో దాని పక్కన ఎక్కడి నుంచో వచ్చి దూరిన డీఎన్‌ఏ ముక్క ఒకటి ఉందని, అదే దాన్ని రెచ్చగొడుతోందని 2019లో తేలింది. పసుపు రకాల్లో ఆ ముక్క లేదు.

ఇక మీ పని. కోతకి రెండు మూడు వారాలుందంటే కొన్ని కవర్లు విప్పండి, అదీ సాయంత్రం పూట. మిట్టమధ్యాహ్నం విప్పితే లేత తొక్క మాడుతుంది. కాయ మీద వాలిన ఆకుల్ని తప్పించండి. ఈగకి మిథైల్ యూజినాల్ (మగ ఈగల్ని లాగే వాసన మందు) ఎర బుట్టలు కట్టండి, లేకపోతే ఎరుపు కోసం కాయే పోతుంది. జపాన్‌లో ఫుజీ ఆపిళ్ళకి ఇలాగే కవర్లు విప్పి, అక్షరాల స్టిక్కర్లు అంటిస్తారు. స్టిక్కరు కింద పాలిపోయి, చుట్టూ ఎర్రబడుతుంది.

ప్రశ్న వేసినవారు: నాలుగు కాయలకి ఇందాకే విప్పాను. స్టిక్కర్ల సంగతి చదివి మా మనవరాలు ఒక కాయ మీద నల్ల టేపుతో 'అ' అంటించింది. కోత రోజు ఫొటో పెడతాను.