కాలి పుండుకు కంప్రెషన్ కట్టు: రసికి చుట్టూ చర్మం నానిపోతోంది

అమ్మకు 64 ఏళ్లు. ఎడమ చీలమండ లోపలి వైపు పుండు సంక్రాంతి నుంచి మానడం లేదు. వేరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బిన సిరలు) వల్ల వచ్చిందని డాప్లర్ స్కాన్‌లో తేలింది. షుగర్ లేదు. చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తే 1.0 వచ్చింది, ధమనుల్లో రక్తం బాగానే పారుతోంది, గట్టి కట్టు కట్టొచ్చు అన్నారు డాక్టర్. పుండు సుమారు 4 సెంటీమీటర్లు, అడుగు ఎర్రగా ఉంది. చీము, వాసన, జ్వరం లేవు.

వారానికోసారి నర్సు వచ్చి సెలైన్‌తో కడిగి, ఫోమ్ డ్రెస్సింగ్ (రసిని పీల్చుకునే స్పాంజ్ లాంటి పట్టీ) పెట్టి, కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద వరకు రెండు పొరల కంప్రెషన్ బ్యాండేజ్ (వాపు తగ్గేలా కాలిని నొక్కి ఉంచే గట్టి కట్టు) కడుతున్నారు. వాపు బాగా తగ్గింది. కానీ మూడో రోజుకే రసి కారి కట్టు తడిసిపోతోంది, పుండు చుట్టూ చర్మం తెల్లగా నాని ఊడుతోంది. జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాశాం, పెద్ద సైజు ఫోమ్ వేశాం, కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టిస్తున్నాం. తేడా లేదు. కట్టు తీసేస్తే వాపు మళ్లీ వస్తుందని టెన్షన్. రాత్రిళ్లు మంటకు అమ్మకు నిద్ర ఉండటం లేదు, చూడలేకపోతున్నాం.

ఇలాంటి పుండ్లకు డ్రెస్సింగ్ చేసే నర్సులు, ఇంట్లో చూసుకున్నవాళ్లు చెప్పండి: కంప్రెషన్ ఆపకుండా, రసి చర్మాన్ని పాడుచేయకుండా లోపల ఏ డ్రెస్సింగ్ వాడి, ఎన్ని రోజులకోసారి మార్చారు?